వల కింద మిగిలిన సంచి

మంగళవారం పొద్దున సిమియు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరున్నరకు లేవడం, ఏడుంబావుకల్లా చెత్త సంచి కిందికి దించి వీధి మలుపులో కాకులు పీక్కుపోకుండా కప్పే పచ్చ వల కింద పెట్టడం, ఏడున్నర రైలు పట్టుకుని విశ్వవిద్యాలయానికి పోవడం. ఇందులో భయపడడానికేముంది అనుకుంటారు ఎవరైనా. జపానులోని కనజావాలో దిగిన మొదటి వారం సిమియు కూడా అలాగే అనుకున్నాడు.

సిమియుది కెన్యా. సొంతూరు బుంగోమా, వృత్తి ఇంజనీరు. భూకంపం వచ్చినా కూలని వంతెనలు కట్టడమెలాగో నేర్చుకుందామని రెండేళ్లకు వచ్చాడు. వచ్చిన మూడు నెలల్లో భూమి రెండుసార్లు కదిలింది. రెండుసార్లూ అతను టీ కప్పు చేత్తో పట్టుకుని, ఎటు నుంచి ఎటు ఊగుతోందో లెక్క చూసుకుంటూ తాపీగా నిలబడ్డాడు. అలాంటి మనిషికి మంగళవారం, శుక్రవారం వచ్చాయంటే చాలు, నోరు ఎండిపోతుంది. ఆ పేటలో తగలబెట్టే రకం చెత్త తీసుకెళ్లేది ఆ రెండు రోజులే.

ఈ భయానికి విత్తనం వేసింది ఇంటి యజమానురాలు యోనెజావా ఫుసాయె గారు. తాళాలిచ్చిన రోజున ఆవిడ చెప్పింది ఒకే ఒక్క మాట.

"మిగతావన్నీ మెల్లిగా తెలుస్తాయి గానీ, చెత్త ఒక్కటి జాగ్రత్తండీ, సిమియు గారూ."

"అలాగేనండీ. నాకంటే ముందు ఈ ఇంట్లో ఎవరుండేవారు?"

"మీలాగే పైదేశం ఆయన. మంచివాడే, పాపం."

"ఇప్పుడెక్కడున్నారు?"

ఆవిడ కిటికీలోంచి వీధి మలుపు వైపు చూసి నిట్టూర్చింది. "ఒకరోజు పొద్దున్నే చూస్తే లేడు," అంది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. సిమియు కూడా అడగలేదు.

గోడ మీద ఏ రోజు ఏ చెత్త పెట్టాలో చెప్పే క్యాలెండరు ఒకటి, పదకొండు రంగులతో. సంచి మీద భవనం పేరు, మనిషి పేరు పెద్ద అక్షరాలతో రాయాలని ఆ వీధి సంఘం వారి నియమం. వీటన్నిటికంటే పెద్ద భయం హిగాషిదే గారు. వీధి సంఘం తరఫున చెత్త సరిచూసే డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టుకుని, చిన్న నోటు పుస్తకం పట్టుకుని, ఏడు నుంచి ఎనిమిది దాకా ఆ మలుపులో నిలబడతారు. ఎవర్నీ ఏమీ అనరు. సంచి చూస్తారు, పేరు చూస్తారు, పుస్తకంలో ఏదో రాసుకుంటారు. తిట్టేవాడైతే ఎలాగోలా భరించవచ్చు. రాసుకునేవాణ్ని ఏం చేయగలం?

ఆ వారం సిమియుకు భయం రెండింతలైంది. శుక్రవారం పది గంటలకు యోనెజావా గారు వస్తానన్నారు. ఇల్లు ఎలా ఉంచుకున్నాడో ఒకసారి చూసి, ఆ ఇంట్లో ముగ్గురు ఉండడానికి తనకు అభ్యంతరం లేదని ఒక కాగితం మీద సంతకం పెడతారు. ఆ సంతకం పడితేనే భార్య నెలిమా, నాలుగేళ్ల కూతురు నంజాలా వచ్చే నెల రాగలరు. పడకపోతే మరో ఏడాది ఫోనులోనే మొహాలు చూసుకోవాలి. నంజాలా అప్పుడే తన ఎర్ర బూట్లు పెట్టెలో సర్దేసుకుని, వాటి కోసం రోజూ పెట్టె తెరిచి చూసుకుంటోందట. అది విన్నప్పటి నుంచి సిమియుకు రాత్రుళ్లు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

ఆదివారం యోనెజావా గారు ఉడకబెట్టిన పీతలు నాలుగు పళ్లెంలో పెట్టి తెచ్చిచ్చారు. "కాలం వచ్చిందిగా, వేడిగా ఉన్నప్పుడే తినేయండి," అన్నారు. సిమియు కమ్మగా తిన్నాడు. డిప్పలు, కాళ్లు సంచిలో వేసి, పేరు రాసి, మంగళవారం ఏడుంబావుకు వల కింద పెట్టాడు. హిగాషిదే గారు సంచి చూశారు, పేరు చూశారు, రాసుకున్నారు. సిమియు వంగి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా స్టేషనుకు నడిచాడు.

మధ్యాహ్నం తొందరగా ఇంటికొచ్చేసరికి చెత్తబండి వచ్చి వెళ్లిపోయింది. వల కింద ఒక్కటే సంచి మిగిలింది. దాని మీద అరచేయంత ఎర్ర కాగితం. పేరున్న వైపు సరిగ్గా వీధికి తిప్పి ఉంది. బడి పిల్లలు, కూరలకెళ్లే ఆడవాళ్లు, కుక్కను తిప్పే ముసలాయన, అందరూ చదువుకుని వెళ్లేట్టుగా "సిమియు" అని నిలువెత్తు అక్షరాలు. సిమియు గబుక్కున అటూ ఇటూ చూశాడు. సంచిని కోటు కింద దాచుకుని, దొంగసొత్తు మోస్తున్నవాడిలా మెట్లెక్కాడు.

ఎర్ర కాగితం మీద ఆరు గళ్లున్నాయి. కారణమేదో ఆ గళ్లలో ఒకదాంట్లో గీత పెట్టి చెప్పాలి. గీత పెట్టారు కానీ వాన తడికి సిరా పాకి, మూడు గళ్లకూ అంటుకుంది. తప్పు చేసినట్టు తెలుస్తోంది, ఏం తప్పో తెలియడం లేదు. ఇంతకంటే నరకం ఉండదు. సిమియు రుపెర్తోకు ఫోన్ చేశాడు.

రుపెర్తోది పెరూ. అదే ఊళ్లో ఒక కార్ఖానాలో ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాడు. ఊరి సంగతులన్నీ అతనికి సగం సగం తెలుసు. తెలియని సగం చెప్పేటప్పుడు గొంతు మరింత గట్టిగా ఉంటుంది.

"పేరు రాసిన సంచే వెనక్కొచ్చిందా?" అన్నాడు రుపెర్తో.

"ఆ."

"అయిపోయావురా."

"అలా అనకురా బాబూ! ఏం చేస్తారు?"

"ఏం చెయ్యరు. అదే భయం. ఇక్కడివాళ్లు కోప్పడితే ఫర్వాలేదు. నిన్ను చూసి నవ్వారో, మూట సర్దుకోవడమే. ఆ ముసలాయన నవ్వాడా?"

"ఇంకా లేదు."

"అయితే టైముంది. లోపల ఏముందో అంతా తీసి కడుగు. కంపు రాకూడదు. ఇంటావిడ వచ్చేలోపు ఆ సంచి ఇంట్లో ఉండకూడదు."

"శుక్రవారం పొద్దున మళ్లీ పెట్టెయ్యనా?"

"పెట్టి చూడు. ఏడింటికి పెడతావు, తొమ్మిదిన్నరకి మళ్లీ ఎర్ర కాగితంతో మిగులుతుంది, పదింటికి ఆవిడ దాన్ని చూసుకుంటూ నీ ఇంటికొస్తుంది. బావుంటుంది."

సిమియు ఫోను పెట్టేసి సంచి విప్పాడు.

ఆ సాయంత్రమంతా వంటగదిలో కూర్చుని పీత డిప్పల్ని పళ్లు తోముకునే పాత బ్రష్షుతో రుద్ది కడిగాడు. కాళ్ల లోపలి పొరలు కూడా అగ్గిపుల్లతో తీశాడు. తడిగా ఉంటే మళ్లీ వాసన వస్తుందన్న భయంతో బుధవారం బాల్కనీలో ఆరేశాడు. డిప్పలు ఒక వరస, కాళ్లు ఒక వరస, బట్టల క్లిప్పులు పెట్టి తీగ మీద. ఇంజనీరు కదా, వరస తప్పలేదు. అంతా అయ్యాక ఎందుకో కిందికి చూశాడు.

వీధిలో హిగాషిదే గారు నిలబడి ఉన్నారు. తలెత్తి తీగ వంకే చూస్తున్నారు. ఆ తీగ ఈ చివర నుంచి ఆ చివరికి చూశారు. జేబులోంచి పుస్తకం తీశారు. చాలాసేపు రాశారు. తరవాత సిమియును చూసి నవ్వారు.

సిమియు లోపలికొచ్చి తలుపేసుకుని నేల మీద కూలబడ్డాడు. అతని కళ్ల ముందు ఎర్ర బూట్లు మెదిలాయి.

"నవ్వాడురా," అన్నాడు ఫోనులో.

రుపెర్తో గొంతు తగ్గించాడు. "మీ విశ్వవిద్యాలయం భోజనశాల వెనక పెద్ద పెద్ద డబ్బాలుంటాయిగా. అక్కడ పారెయ్. ఎవరి కంటా పడకు," అన్నాడు.

గురువారం పొద్దున సిమియు ఎండిన డిప్పల్ని, కాళ్లను కాగితాల్లో చుట్టాడు. విడిగా పట్టుకెళ్తే గలగలమంటాయని మళ్లీ ఆ సంచిలోనే వేసి బిగించాడు. చూసేవాళ్లకు అనుమానం రాకుండా పైన మంచి పూల గుడ్డ చుట్టి ముడివేశాడు. చూడ్డానికి ఎవరింటికో కానుక పట్టుకెళ్తున్నట్టే ఉంది. తొమ్మిది గంటల రైలెక్కి, మూటను తల మీది సామాన్ల బల్ల మీద పెట్టి, చేతులు జేబుల్లో దోపుకున్నాడు.

రెండో స్టేషనులో ఒక పోలీసు ఎక్కాడు. కుర్రవాడే, చేతిలో పుస్తకమేదో ఉంది. పాపం అతను తన పనేదో తాను చూసుకుంటున్నాడు. కానీ వచ్చి నిలబడింది సరిగ్గా ఆ మూట కింద. కాసేపటికి ఒకసారి తలెత్తి ముక్కు ఎగబీల్చాడు. అంతే, సిమియు పైప్రాణాలు పైనే పోయాయి. తరవాతి స్టేషనులో తలుపులు తెరుచుకోగానే తనకు తెలియకుండానే దిగిపోయాడు. రైలు కదిలి వెళ్లిపోయింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. వారంలో మొదటిసారి అతని గుండె తేలికపడింది. పీడ వదిలిందనుకున్నాడు.

పది అడుగులు వేశాక గుర్తొచ్చింది. లోపలి సంచి మీద తన పేరుంది. భవనం పేరు కూడా ఉంది.

సిమియు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడు. అంతలో మైకు మోగింది. తరవాతి స్టేషనులో ఎవరిదో తెలియని మూట ఒకటి కనబడినందున రైలును ఆపి పరిశీలిస్తున్నామని, ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నామని ఒక మెత్తటి గొంతు చెప్పింది. మరో నిమిషానికి మళ్లీ చెప్పింది. మరో నిమిషానికి మళ్లీ. ప్లాట్‌ఫారం మీదున్న వాళ్లందరూ గడియారాలు చూసుకున్నారు. ఎవరూ విసుక్కోలేదు. ఎవరైనా ఒక్కరు విసుక్కున్నా సిమియుకు కాస్త ఊపిరాడేది. ఏడు నిమిషాలు. తన దేశంలో ఏడు నిమిషాలంటే రైలు ముందే వచ్చినట్టు. ఇక్కడ ఏడు నిమిషాలంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిందే.

వెనక వచ్చిన రైలెక్కి విశ్వవిద్యాలయం స్టేషనులో దిగేసరికి గేటు దగ్గర ఒక ఉద్యోగి నిలబడి, రైలు ఆలస్యమైందని రాసిన చీటీలు పంచుతున్నాడు. ఆఫీసుల్లో చూపించుకోవడానికి అందరికీ ఇచ్చినట్టే సిమియుకు కూడా రెండు చేతులతో ఒకటిచ్చి, నడుం వంచి, "మా వల్ల ఇబ్బంది కలిగింది. క్షమించండి," అన్నాడు.

సిమియు అంతకంటే కిందికి వంగాడు. "లేదండీ, తప్పంతా నాది."

"అయ్యో, అంత మాటనకండి!" అన్నాడు ఉద్యోగి. అతని కళ్లు చెమ్మగిల్లాయి. పైదేశం మనిషి ఇంత పెద్ద మనసుతో మాట్లాడడం అతనెప్పుడూ వినలేదు కాబోలు, వెళ్లేదాకా వంగుతూనే ఉన్నాడు. ఆ చీటీ సిమియు చేతిలో నిప్పులా కాలింది.

"వెళ్లి నాదే అని చెప్పేయనా?" అని మధ్యాహ్నం రుపెర్తోను అడిగాడు.

"పిచ్చా నీకు? చెత్తని కానుకలా చుట్టి, రైలెక్కించి, రైలాపించానని చెప్తావా? నోర్మూసుకుని కూర్చో. పీత డిప్పలు పట్టుకుని నీ ఇల్లు వెతుక్కుంటూ ఎవరొస్తారు?"

ఆ రాత్రి నెలిమా ఫోన్ చేసి, "రేపేగా సంతకం?" అంది. సిమియు "ఊఁ" అన్నాడు. "నీ గొంతేంటి అలా ఉంది?" అంది. జలుబన్నాడు. నంజాలా మధ్యలో దూరి, జపానులో కోతులుంటాయా అని అడిగింది. ఉంటాయమ్మా అని చెబుతుంటే అతనికి దుఃఖం ముంచుకొచ్చింది.

శుక్రవారం సరిగ్గా పది గంటలకు గంట మోగింది. సిమియు తలుపు కన్నంలోంచి చూశాడు. ముందు యోనెజావా గారు. వెనక చేతికి పట్టీతో హిగాషిదే గారు. ఆయన పక్కన నీలం టోపీ పెట్టుకున్న రైల్వే ఉద్యోగి. అతని చేతుల్లో పూల గుడ్డ మూట. ముగ్గురూ నవ్వుతున్నారు.

పారిపోవడానికి ఇంటికి రెండో తలుపు లేదు. తీశాడు. ముగ్గురూ బూట్లు విప్పి, వాటిని వీధి వైపు తిప్పి పెట్టి, లోపలికొచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. మూట మధ్యలో పెట్టారు. సిమియు టీ పోయబోతే టీ అంతా బల్ల మీదే పడింది.

"నిన్న మీరు మా రైల్లో మరిచిపోయారండి," అన్నాడు టోపీ ఆయన. "సంచి మీద భవనం పేరుంటే యోనెజావా గారికి ఫోన్ చేశాం. చెడిపోకూడదని రాత్రంతా మా స్టేషను ఫ్రిజ్‌లో పెట్టాం. ఒకసారి సరిచూసుకుని సంతకం చేస్తే..." అంటూ కాగితం తీసి చదివాడు. "పీత డిప్పలు, నాలుగు. పీత కాళ్లు, డెక్కలతో కలిపి, ముప్పై తొమ్మిది." అతని మొహం చిన్నబోయింది. "నాలుగు పీతలకి నలభై ఉండాలి కదండీ. మావాళ్లు బోగీ అంతా వెదికారు. ఒకటి దొరకలేదు. మమ్మల్ని క్షమించాలి."

"నలభయ్యోది నా దగ్గరుంది," అన్నారు హిగాషిదే గారు.

ఆయన గొంతు వినడం సిమియుకు అదే మొదటిసారి. ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి, విప్పి, పీత కాలు ఒకటి బల్ల మీద పెట్టారు.

సిమియు ఇంక ఆగలేకపోయాడు. కూర్చున్న చోటే నుదురు చాపకు ఆనించి అంతా కక్కేశాడు. ఎర్ర కాగితం సంగతి, కడిగిన సంగతి, ఆరేసిన సంగతి, భోజనశాల వెనక పారేద్దామనుకున్న సంగతి, పోలీసు, మైకు, ఏడు నిమిషాలు.

"నన్ను పంపించెయ్యండి, నేనేం అనుకోను. కానీ నా కూతురు బూట్లు కూడా సర్దుకుందండీ. చెత్త వల్ల రాలేకపోయావని దానికెలా చెప్పను?" అన్నాడు.

"ఈ కాలు సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఊడిపడింది," అన్నారు హిగాషిదే గారు. "చెత్త ఎత్తేవాళ్ల చేతికి గుచ్చుకుంటుందనే ఎర్ర కాగితం అతికించాను. పాత కాగితంలో చుట్టి వెయ్యాలి. అంతే."

సిమియు తలెత్తాడు. "అంతేనా?"

"అంతే. మంగళవారమే చెబుదామనుకున్నా. మీరు దణ్ణం పెట్టి పరుగెత్తారు. బుధవారం చెబుదామని వస్తే, తీగ మీద చూశాను." పెద్దాయన జేబులోంచి పుస్తకం తీశారు. "నలభై ఒక్క ఏళ్లుగా ఆ మలుపులో నిలబడుతున్నాను. చెత్తని కడిగినవాణ్ని చూడలేదు. డిప్పలు ఒక వరస, కాళ్లు ఒక వరస. అందులో మళ్లీ కాళ్లు పొడుగును బట్టి."

ఆయన పుస్తకం తెరిచి చూపించారు. బుధవారం తేదీ కింద ఆ తీగ బొమ్మ ఉంది. క్లిప్పులతో సహా వేశారు.

సిమియు ఇంకా ఊపిరి పూర్తిగా వదలకముందే హిగాషిదే గారు చేతి పట్టీ విప్పి, మడిచి, పుస్తకంతో కలిపి రెండు చేతులతో అతని ముందుకు జరిపారు.

"నా మోకాళ్లు ఇంక నిలబడనివ్వట్లేదు. తగినవాడి కోసమే చూస్తున్నాను."

"నేనా? నాకు ఆ క్యాలెండరే సరిగ్గా అర్థం కాదండీ!"

"అర్థమైందనుకునేవాళ్లతోనే ప్రమాదం. భయపడేవాడు కావాలి."

సిమియు దిక్కుతోచక యోనెజావా గారి వైపు చూశాడు. ఆవిడ కలం మూత తీసి కాగితం మీద పట్టుకుని ఉంది. రాయడం లేదు. పట్టీ వంక చూస్తోంది.

"సిమియు గారూ, మీకు ముందున్నాయన కూడా చాలా శుభ్రం మనిషండీ," అంది నెమ్మదిగా. "ఆయనకి కూడా పట్టీ ఇచ్చాం. ఒంటరివాడికి ఇవ్వడం మా పొరపాటు. మర్నాడు పొద్దున్నే చూస్తే లేడు. భార్యా బిడ్డలతో ఉన్న మనిషైతే ఎక్కడికీ పారిపోడు కదా."

సిమియు పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ సంతకం పెట్టింది. టోపీ ఆయన తన కాగితం కూడా ముందుకు తోశాడు. అందులో ముప్పై తొమ్మిది కొట్టేసి నలభై అని దిద్ది ఉంది.

నెలిమా వచ్చిన రెండో మంగళవారం, ఏడు దాటి పది నిమిషాలకు, చెత్త సంచి పట్టుకుని నంజాలాతో కలిసి మలుపు దగ్గరికి దిగొచ్చింది. నంజాలా ఎర్ర బూట్లు వేసుకుంది. సంచి పక్కనుంచి కోడి ఎముక ఒకటి బెత్తెడు బయటికొచ్చి ఉంది. చేతికి పట్టీ కట్టుకుని, పుస్తకం పట్టుకుని నిలబడ్డ సిమియు ఆ ఎముకను చూశాడు. తల తిప్పి పైకి చూశాడు. ఎదురింటి కిటికీలో హిగాషిదే గారు టీ తాగుతూ ఇటే చూస్తున్నారు. ఏం చేయాలో పాలుపోక సిమియు భార్యను చూసి నవ్వాడు.

"ఏంటా నవ్వు? నాకు భయమేస్తోంది," అంది నెలిమా.

మధ్యాహ్నానికి వల కింద ఒక్కటే సంచి మిగిలింది. దాని మీదున్న పేరు సిమియుది, ఎర్ర కాగితం అతికించిన చెయ్యి కూడా సిమియుదే.